దారిని చూసే చెయ్యి, మనిషిని చూసే బోర్డు

ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్ కొండల మీద, చిప్పింగ్ క్యాంప్డెన్ అనే పాత ఉన్ని వ్యాపారపు ఊరికి దగ్గర్లో, దారులు కలిసే చోట ఒక కంబం ఉంది. ఆ కూడలిని క్రాస్ హ్యాండ్స్ అంటారు. కంబానికి నాలుగు చేతులు. ఆక్స్‌ఫర్డ్ వైపు ఒకటి, వారిక్ వైపు ఒకటి, గ్లాస్టర్ వైపు ఒకటి, వుస్టర్ వైపు ఒకటి చాచి ఉంటాయి. మీద 1669 అని సంవత్సరం, రోమన్ అంకెల్లో మైళ్ల లెక్క. పటాల్లో గ్లౌసెస్టర్, వోర్సెస్టర్ అన్నట్టుగా బారెడు అక్షరాలతో కనిపించే రెండు ఊళ్ల పేర్లను ఆ చేతుల మీద జనం నోట పలికినట్టే కుదించి రాశారు. ఇంగ్లండులో ఇంకా నిలిచి ఉన్న ఇలాంటి కంబాల్లో ఇదే పాతదని చెప్పుకుంటారు. స్పెల్లింగు పట్టింపులు లేని కాలం కదా అని నవ్వి ఊరుకోవచ్చు. నాకు మాత్రం ఆ రాతలో ఒక తెలివి కనిపిస్తుంది. అక్కడికి వచ్చిన బాటసారి ఆ ఊరి పేరు చెవితో విన్నవాడు, దారి పొడుగునా నోటితో అడుక్కుంటూ వచ్చినవాడు. అతను విన్న పేరునే కంటికి చూపించాలి. పండితుడు ఆ పేరు ఎలా రాస్తాడన్నది అక్కడ అనవసరం. ఎవరు చదువుతారో తెలుసుకుని రాసిన రాత అది. ఈ ఉపన్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దారి గుర్తును చదివేది ఎవరు, అతను ఎంత వేగంగా వస్తున్నాడు, వచ్చేటప్పటికి అతనికి తెలియనిది ఏమిటి?

ఇలాంటి కంబాన్ని ఇంగ్లీషులో ఫింగర్ పోస్ట్ అంటారు. వాళ్లకది వేలు, మన ఇరుగుపొరుగుకు చెయ్యి. తమిళులు కైకాట్టి అంటారు, చెయ్యి చూపేది అని. కన్నడిగులు కైమర అంటారు, అంటే చేతిమాను. చిక్కమగళూరు నుంచి ముళ్లయ్యనగిరికి ఎక్కే దారిలో కైమర అని ఒక కూడలి ఉంది. మంగళూరు పక్కన కైకంబ అని ఒక చోటుంది. దారి చూపే వస్తువు పేరే చోటుకు పేరైపోవడం ఊరికే జరగలేదు. ఆ మాట మళ్లీ ప్రస్తావిస్తాను. ఈ పూటకు మనమూ దాన్ని చేతికంబం అనే పిలుచుకుందాం. దారి గుర్తుల చరిత్రను మామూలుగా మెట్లదారిలా చెబుతుంటారు. మొదట రాయి, దాని మీద చెక్క చెయ్యి, ఆ తర్వాత పోత ఇనుము, ఆపైన రాత్రి దీపాలకు మెరిసే బోర్డు, చిట్టచివర ఫోను. ప్రతి మెట్టూ కిందిదానికన్నా మెరుగైనదే అన్నట్టు సాగుతుంది ఆ కథ. అది సగమే నిజమని నా వాదన. చేతికంబం ఒకేసారి రెండు పనులు చేసేది. ఇది ఏ చోటో చెప్పేది, ఎటు పోతే ఏ ఊరు వస్తుందో చెప్పేది. మోటారు బండి వచ్చాక రెండో పనికి అంతకన్నా ఎంతో మంచి సాధనం పుట్టింది. మొదటి పనిని మాత్రం ఎవరికీ అప్పగించకుండానే పాతదాన్ని పీకడం మొదలుపెట్టారు.

ముందు ఆ కంబాలు ఎవరి కోసం పుట్టాయో చూద్దాం. 1555 నుంచి ఇంగ్లండులో రోడ్ల బాగోగులు పారిష్‌ల నెత్తిన ఉండేవి. ఒక చర్చి కింద ఉండే ఊరూ దాని పొలాలూ కలిపి పారిష్ అనుకోండి. ఊరివాళ్లే ఏడాదిలో కొన్ని రోజులు కూలి లేకుండా వచ్చి గుంతలు పూడ్చాలి. తన దారి తనకు తెలిసినవాడికి కూడలిలో కంబం పాతాలన్న ఆలోచన ఎందుకు వస్తుంది? రాలేదు గనకే చట్టం చెయ్యాల్సి వచ్చింది. 1697లో పార్లమెంటు చేసిన చట్టం, జనావాసాలకు దూరంగా దారులు కలిసే చోట్ల కంబాన్నో రాతినో పెట్టించే అధికారాన్ని మేజిస్ట్రేట్లకు ఇచ్చింది. దాని మీద రాయాల్సింది పక్క పల్లె పేరు కాదు, దగ్గరలో సంత జరిగే పట్నం పేరు. పక్క పల్లె పేరు పక్క పల్లెవాడికి తప్ప ఎవరికీ తెలియదు. సంత పట్నం పేరు దూరం నుంచి గొర్రెల్ని తోలుకొచ్చేవాడికీ, బట్టల మూట మోసుకొచ్చేవాడికీ తెలుసు. మరుసటి ఏడు, 1698లో, గుర్రం మీద దేశమంతా తిరిగి చూసిన సీలియా ఫైన్స్ అనే మహిళ లాంకషైర్‌లో కూడలి కూడలికీ చేతులున్న కంబాలు చూసి, వాటి మీద పెద్ద ఊళ్ల పేర్లు, సంత ఊళ్ల పేర్లు ఉన్నాయని తన ప్రయాణాల పుస్తకంలో రాసుకుంది. సుంకం వసూలు చేసి రోడ్లు నడిపే ట్రస్టులు వచ్చాక, 1773 చట్టంతో వాటికి ఈ పని తప్పనిసరి అయింది. పారిష్ రోడ్ల మీద ఖర్చు ఊరిది, లాభం దారిన పోయేవాడిది. చట్టం లేనిదే ఇలాంటి ఏర్పాటు నిలవదు. ఆనాటి కంబాల మీది మైళ్లను ఇప్పటి మైళ్లతో సరిచూసి తప్పులు పట్టేవాళ్లున్నారు. మైలంటే 1,760 గజాలని 1593లోనే చట్టమైనా, పల్లెల్లో అంతకన్నా పొడుగు మైళ్లే చాలాకాలం నడిచాయి. మన కోసూ ఆమడా ప్రాంతానికో కొలతగా సాగినట్టే. రాసినవాడు అబద్ధమాడాడనడానికి లేదు.

ఇప్పుడు ఆ కంబాన్ని కాస్త దగ్గరికి వెళ్లి చూడాలి. చెయ్యి దారి వైపు చాచి ఉంటుంది. అంటే ఆ పలక ఆ దారి పొడుగునే, దారికి సమాంతరంగా నిలబడి ఉంటుంది. దక్షిణం నుంచి నడిచి వస్తున్న మనిషిని ఊహించుకోండి. తూర్పుకీ పడమరకీ చాచిన చేతుల మీది అక్షరాలు అతనికి ఎదురుగా కనిపిస్తాయి. తాను నేరుగా ముందుకు పోవాల్సిన ఉత్తరపు చెయ్యి మాత్రం అంచు తిప్పి ఉంటుంది. అతని కంటికి అది ఒక సన్నటి గీత. ఆ పేరు చదవాలంటే కూడలి దాకా వచ్చి, కంబం పక్కకు జరిగి, తల ఎత్తి చూడాలి. దారిని నిజాయితీగా చూపించాలంటే ఆ చెయ్యి తన అక్షరాల్ని వచ్చేవాడికి దాచుకోక తప్పదు. నడిచేవాడికి ఇది లోపమే కాదు. అతను ఎలాగూ ఆగుతాడు, మూట దించుకుంటాడు, చుట్టూ తిరిగి చదువుతాడు. వెనక్కి తిరిగితే తాను వదిలి వచ్చిన ఊరి పేరు కూడా అక్కడే ఉంటుంది. కూడలి నుంచి బయల్దేరే ప్రతి దారినీ, మనం పోబోయేదాన్నీ మనం పోనిదాన్నీ, మనం వచ్చినదాన్నీ, సమానంగా చెప్పే వస్తువు అది.

ఆగేవాడికి సరిపోయింది ఆగనివాడికి సరిపోలేదు. లెక్క చాలా చిన్నది. అక్షరం అంగుళం ఎత్తుంటే సుమారు 50 అడుగుల దూరం నుంచి చదవొచ్చని రోడ్డు ఇంజనీర్ల పాత మోటు లెక్క ఒకటుంది. 1921లో బ్రిటిష్ రవాణా శాఖ చేతికంబాలకు ఒక నమూనా ఇచ్చింది. తెల్ల చేతుల మీద పెద్దబడి అక్షరాలు రెండున్నర అంగుళాలో మూడంగుళాలో ఉండాలి, కంబం తెల్లగా ఉండాలి, రోడ్డు ఎవరి అధీనంలో ఉందో ఆ పేరు కూడా ఉండాలి అని. మూడంగుళాల అక్షరం 150 అడుగుల నుంచి కనిపిస్తుందనుకుందాం. గంటకు 3 మైళ్లు నడిచేవాడికి ఆ 150 అడుగులు దాటడానికి 34 సెకన్లు పడుతుంది. గంటకు 8 మైళ్లు పోయే గుర్రపు బండిలో ఉన్నవాడికి 13 సెకన్లు. గంటకు 60 మైళ్ల కారులో ఉన్నవాడికి రెండు సెకన్లు కూడా మిగలవు. ఆ వ్యవధిలోనే అతను చదవాలి, నిర్ణయించుకోవాలి, అద్దంలో వెనక చూసుకోవాలి, చక్రం తిప్పాలి. నేరుగా పోయే చెయ్యి అతనికి అసలు కనిపించనే కనిపించదు. 1903 మోటారు కారు చట్టం వేగ పరిమితిని గంటకు 20 మైళ్లకు పెంచినప్పుడే ఈ ఇబ్బంది మొదలైంది. ఆ వేగంలో అది భరించదగినదిగానే ఉండేది. హెచ్చరిక గుర్తుల సంగతీ ఇలాగే ఉండేది. పాత బ్రిటిష్ గుర్తుల్లో బడి దగ్గర పెట్టే బొమ్మ ఏమిటనుకున్నారు? మండుతున్న కాగడా. జ్ఞానజ్యోతి అన్నమాట. ఉపన్యాసాలకు పనికొచ్చే ఉపమానమే, బ్రేకు తొక్కాల్సినవాడికి మాత్రం అది ఎందుకూ కొరగాదు.

మార్పు మోటారువేలతో, అంటే మోటారు బండ్లకే కేటాయించిన వేగ రహదారులతో వచ్చింది. 1957లో ఓడల వ్యాపారి కాలిన్ ఆండర్సన్ అధ్యక్షతన ఒక సంఘం వేసి, కొత్త మోటారువేల మీద ఎలాంటి బోర్డులుండాలో తేల్చమన్నారు. ఆ పని జాక్ కిన్నీర్ అనే డిజైనర్‌కు వచ్చింది. గాట్విక్ విమానాశ్రయానికి బోర్డులు చేసింది ఆయనే. చెల్సీ కళాశాలలో తన దగ్గర చదువుకున్న మార్గరెట్ కాల్వర్ట్‌ను సహాయకురాలిగా తీసుకున్నాడు. 1958 డిసెంబరు 5న ప్రెస్టన్ బైపాస్ అనే మోటారువే తెరిచినప్పుడు నీలం మీద తెల్లక్షరాలతో వాళ్ల బోర్డులు నిలబడ్డాయి. ఆ తర్వాత 1961లో వాల్టర్ వర్బాయిస్ అధ్యక్షతన మిగతా రోడ్ల గుర్తుల కోసం మరో సంఘం, 1963లో దాని నివేదిక, 1965 జనవరి 1 నుంచి కొత్త నిబంధనలు. పెద్ద రోడ్లకు ఆకుపచ్చ మీద తెల్లక్షరాలు, రోడ్డు నంబరు పసుపులో. చిన్న రోడ్లకు తెలుపు మీద నలుపు. కాగడా పోయి, ఒక అమ్మాయి తనకన్నా చిన్న పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న బొమ్మ వచ్చింది. ఆ అమ్మాయికి తన చిన్ననాటి రూపమే ఇచ్చానని కాల్వర్ట్ చెప్పింది. ఈ కథలో అందరూ ఎత్తి చూపేది అక్షరాన్ని. అంతకుముందు బోర్డులన్నీ పెద్దబడి అక్షరాలే. కిన్నీర్ మొదటి అక్షరం పెద్దబడి, మిగతావి చిన్నబడి పెట్టాడు. పదానికి ఒక ఆకారం వస్తుంది, అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా ఆకారాన్నే గుర్తుపడతాం అన్నది వాదన. రాతి మీద అక్షరాలు చెక్కే డేవిడ్ కిండర్స్లీ దీన్ని గట్టిగా ఎదిరించాడు, తానే ఒక పెద్దబడి అక్షరమాల తయారుచేశాడు. రోడ్డు పరిశోధనశాలవాళ్లు బెన్సన్ వైమానిక స్థావరంలో పరీక్ష పెట్టారు. వాయుసేన మనుషుల్ని మెట్ల వేదిక మీద కూర్చోబెట్టి, కారు నెత్తిన బోర్డు కట్టి వాళ్ల వైపు నడిపారు, ఎంత దూరంలో చదవగలిగారో రాసుకున్నారు. ఫలితం చూస్తే కిండర్స్లీ అక్షరాలే ఒక పిసరు ముందున్నాయి. తేడా మరీ స్వల్పం. అయినా సంఘం కిన్నీర్‌నే ఎంచుకుంది.

చిన్నబడి అక్షరాల విజయంగా ఈ కథ చెప్పేవాళ్లకు ఆ ఫలితం కాస్త ఇరకాటం. నన్నడిగితే గెలిచింది అక్షరం కాదు, బోర్డు ముఖం. కిన్నీర్ ముందు వేసుకున్న ప్రశ్న, ఆ వేగంలో వచ్చేవాడికి ఏం తెలియాలి అన్నది. దానికి జవాబుగా బోర్డు కూడలి దగ్గర కాక, దానికి ముందే వచ్చేసింది. రోడ్డుకు అడ్డంగా తిరిగి వచ్చేవాడి కళ్లలోకి చూసింది. రాబోయే కూడలిని పైనుంచి చూసినట్టు పటంగా గీసి చూపించింది. చెక్క చెయ్యి చాచాల్సిన దిక్కును గీసిన బాణం చూపిస్తుంది. అందుచేత నేరుగా పోయే ఊరి పేరు కూడా మిగతావాటితో సమానంగా కనిపిస్తుంది. లోపలి ఏర్పాటు కూడా అంతే శ్రద్ధగా జరిగింది. ఒక్కో అక్షరాన్నీ కనిపించని పలక మీద కూర్చోబెట్టారు. పలకలు పక్కపక్కన పేరిస్తే అక్షరాల మధ్య ఎడం దానంతటదే కుదురుతుంది. మార్జిన్లకు, వరసల మధ్య దూరాలకు అక్షరపు గీత మందమే కొలబద్ద. బోర్డు ఇంత ఉండాలని ముందే అనుకుని అందులో పేర్లు ఇరికించడం మానేసి, పేర్లను బట్టి బోర్డు పెరిగేలా చేశారు. ఇది గొప్ప పనే. పాత చేతికంబాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు కొందరు ఈ బోర్డుల్ని వికారమైనవంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. 60 మైళ్ల వేగంలో వెళ్లేవాడి ప్రాణానికి చెక్క చెయ్యి అందం ఏ విధంగానూ అక్కరకు రాదు.

కానీ ఆ బోర్డు చెయ్యని పని ఒకటుంది. అది ఒకే ఒక్క దిక్కు నుంచి వచ్చేవాడితో మాట్లాడుతుంది. వెనకనున్న ఊరి పేరు చెప్పదు. తాను నిలబడ్డ చోటు పేరు అసలే చెప్పదు. అది ప్రయాణానికి ఇచ్చే ఆజ్ఞ. చేతికంబం చోటు గురించి చెప్పే వాక్యం. ఈ తేడా ఎంత గట్టిదో తెలియాలంటే 1940 వేసవి చూడాలి. జర్మన్లు దండెత్తుతారన్న భయంతో బ్రిటన్ తన దారి గుర్తుల్ని తానే పీకేసింది. చేతికంబాల్ని తీసి దాచారు, మైలురాళ్ల మీది పేర్లను చెరిపేశారు, రైల్వే స్టేషన్ల పేర్లు తొలగించారు, దుకాణాల బోర్డుల మీది ఊరి పేర్లకు రంగు పూశారు. ఎందుకు? శత్రువు దగ్గర పటాలు లేవనా? యుద్ధానికి ముందు పటాలు అచ్చులో దొరుకుతూనే ఉండేవి. పారాచూట్‌లో ఆకాశం నుంచి దిగినవాడికి లేనిది పటం కాదు, ఆ పటంలో తానెక్కడున్నాడన్న జ్ఞానం. కూడలిలో నాలుగు పేర్లున్న కంబం కనబడితే పటమూ నేలా ఒక్క క్షణంలో కలిసిపోతాయి. తీసేసిన వాటి జాబితా చూడండి. మలుపు తిప్పేవాటి మీద కన్నా ఇది ఫలానా చోటు అని చెప్పేవాటి మీదే చేయి పడింది. దారి గుర్తులో దేశరక్షణకు ముప్పు తెచ్చే సారం ఏదో ఆనాటి అధికారులు సరిగ్గానే పట్టుకున్నారు. దారి తప్పింది మాత్రం ఎక్కువగా సొంత సైనికులూ, సరుకు బండ్లూ. ఊరివాడికి ఏ ఇబ్బందీ లేదు. అతనికి కంబం ఎన్నడూ అవసరం కాలేదు.

యుద్ధం తర్వాత కంబాలు తిరిగి నిలబడ్డాయి, ఇరవై ఏళ్లకు మళ్లీ గండం వచ్చింది. 1964లో చేసి 1965 నుంచి అమలు చేసిన ఆ నిబంధనలతో పాటు పాత చేతికంబాల్ని తీసేసి కొత్త బోర్డులు పెట్టమని ప్రోత్సాహం వచ్చింది. తప్పనిసరి చెయ్యలేదు కాబట్టి, డబ్బు లేని కౌంటీలూ పట్టుదల ఉన్న కౌంటీలూ కొన్నిటిని ఉంచుకున్నాయి. బద్ధకం వల్ల బతికిన వారసత్వం మన దగ్గరా తక్కువేం కాదు. చివరికి 2005లో రవాణా శాఖా, వారసత్వ కట్టడాల్ని చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థా కలిసి ఒక సలహా పత్రం ఇచ్చాయి. మిగిలిన కంబాల్ని ఉన్నచోటే ఉంచండి, వేళకు రంగులు వెయ్యండి, ప్రమాదకరమైతే తప్ప తీయకండి అని. మంచిదే. కాకపోతే, అందమైన పాత వస్తువులు గనక కాపాడమన్న కారణం బలహీనమైనది. అందమైన పాత వస్తువుకు మ్యూజియం ఉంది. దాన్ని కూడలిలోనే ఉంచాలంటే, కూడలిలో ఇంకా ఏదో పని చేస్తుండాలి. డోర్సెట్‌లోనూ, యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్‌లోనూ చాలా కంబాల నెత్తిన గుండ్రటి బిళ్ల ఉంటుంది. అందులో ఆ కూడలి పేరూ, పటం మీద అది ఎక్కడుందో చెప్పే గడుల సంఖ్యా పోత పోసి ఉంటాయి. నేను చెబుతున్న మొదటి పని అంతా ఆ బిళ్లలో ఉంది. చేతులు విరిగిపోయినా బిళ్ల ఒక్కటి మిగిలితే ఆ కంబం పనికిమాలినది కాదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఆ బిళ్లలూ కౌంటీ పేర్లూ స్థానిక గర్వం తప్ప ఇంకేం కాదనేది మొదటిది. కాదనను. మా జిల్లా ఇక్కడ మొదలవుతుందని చెప్పుకోవాలన్న ముచ్చట అందులో ఉంది. కానీ గర్వంతో పెట్టిన పేరు కూడా పేరే, అది కొత్తవాడికి పనికొస్తుంది. రెండోది గట్టిది. చేతిలో ఫోనుంది, అందులోని పటం మీద నీలం చుక్క మనం ఎక్కడున్నామో కొద్ది మీటర్ల తేడాతో చెబుతోంది, ఇంకా ఈ కంబాలెందుకు? నీలం చుక్కకు తెలుసు, నిజమే. ఫోను పట్టుకున్నవాడికి తెలుస్తోందా అన్నది వేరే ప్రశ్న. మూడొందల మీటర్ల తర్వాత కుడికి తిరగండి అన్న మాట విని తిరిగినవాడు ఏ కూడలిలో తిరిగాడో చెప్పలేడు. కొత్త బోర్డు మొదలుపెట్టిన పనిని ఫోను ఆఖరికి తీసుకెళ్లింది. ప్రయాణం పూర్తిగా ఆజ్ఞల వరస అయిపోయింది. అర్ధరాత్రి మోటారు సైకిలు పడిపోయి, పక్కనున్నవాడు 108కు ఫోన్ చేసినప్పుడు అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్నల్లో ఒకటి, మీరెక్కడున్నారు అని. సిగ్నల్ సరిగ్గా లేని చోట, మాటలతో చెప్పాల్సి వచ్చినప్పుడు, ఫలానా ఊరు దాటాక ఒక వేపచెట్టు దగ్గర అంటూ మొదలవుతుంది. చోటుకు పేరుండి, ఆ పేరు అక్కడే రాసి ఉంటే అదే జవాబు. నీలం చుక్క ఒక్క ఫోనులో ఉంటుంది. కంబం మీది పేరు ఇద్దరు మనుషులు ఒకేసారి చూడగలిగింది, ఒకరు మరొకరికి చెప్పగలిగింది.

మన రాష్ట్రాల్లో ఈ పనిని చేతికంబం కన్నా ఎక్కువగా ఇంకో వస్తువు చేస్తోంది. పెద్ద రోడ్డు మీంచి ఊరి దారి చీలే చోట కట్టే ఆర్చి. తెలంగాణలో కమాన్ అంటారు. ఊరి పేరు పెద్దక్షరాల్లో, దాని కింద ఫలానా వారి జ్ఞాపకార్థం వారి కుమారులు నిర్మించినది అని. స్మారకమూ దారి గుర్తూ ఒకే సిమెంటులో కలిసిపోయిన కట్టడం అది. దాని నిర్మాణరుచి మీద ఎవరి అభిప్రాయం వారిది, కానీ బస్సులో కూర్చున్న కొత్త మనిషికి తన ఊరు వచ్చిందని అదే చెబుతుంది. ఆర్చి లేని చోట చోటు పేరు జనం నోటే పుడుతుంది. క్రాస్, ఎక్స్ రోడ్, అడ్డరోడ్డు, వై జంక్షన్ అని. కైకంబలాగే ఇవీ చోటు చేసే పనే చోటు పేరైన పేర్లు. విచారించాల్సిందల్లా, ఇలాంటి పేర్లలో చాలావాటికి అక్కడ రాత లేదు. కండక్టరు నోట్లో ఉంది, టికెట్టు మీద ఉంది, కూడలిలో లేదు.

రాత సంగతి వచ్చింది గనక తెలుగు అక్షరం మాట ఒకటి. మనకు పెద్దబడి, చిన్నబడి లేవు. కిన్నీర్‌కీ కిండర్స్లీకీ జరిగిన యుద్ధం మన దగ్గర జరగనే జరగదు. కానీ పదానికి ఆకారముంటుందన్న మాట మనకు ఇంగ్లీషుకన్నా ఎక్కువ వర్తిస్తుంది. ఒంగోలు అని రాస్తే కింద వత్తులేమీ ఉండవు. నెల్లూరు అని రాస్తే రెండో లకారం వత్తుగా కిందికి దిగుతుంది. శ్రీకాళహస్తి అని రాస్తే మొదట్లో రవత్తూ చివర్లో తవత్తూ వేలాడతాయి. మూడు పేర్లకూ ఇంగ్లీషు అక్షరానికి ఇచ్చినంత ఎత్తు పట్టీనే ఇస్తే, వత్తు కోసం తల్లి అక్షరాన్ని కుదించాలి, లేదా వత్తును గింజంత చేసి చదవకుండా చెయ్యాలి. హైవే బోర్డుల మీద ఈ రెండూ కనిపిస్తాయి. పేరును బట్టి బోర్డు పెరగాలన్న కిన్నీర్ సూత్రాన్ని మక్కీకి మక్కీ దింపుకుంటే చాలదు. వత్తు గలిగిన వరసకు కింద ఎంత చోటు వదలాలో మన అక్షరం కొలతల నుంచే లెక్క కట్టాలి. వేగంగా పోయేవాడు తెలుగే చదువుతాడా, పక్కనున్న ఇంగ్లీషు చదివేసుకోడా అని అడగొచ్చు. ఇంగ్లీషు రానివాడు కూడా లారీ నడుపుతాడు. 1669లో పలికినట్టు రాసినవాడి తెలివి ఇక్కడే అక్కరకొస్తుంది.

చివరగా చేతికంబం మీద చాలామంది చెప్పే ఫిర్యాదు. అది నమ్మదగనిది, గాలివానకు పడిపోతుంది, అల్లరి పిల్లలు తిప్పేస్తారు, అప్పుడది దారి చెప్పకపోవడమే కాదు, తప్పు దారి చెబుతుంది అని. చేతులు విడివిడిగా ఊడి తారుమారైతే ఆ ఫిర్యాదుకు జవాబు లేదు, ఒప్పుకోవాలి. కంబం మొత్తంగా పడిపోయిందనుకోండి. దీని మీద ఒక పాత పొడుపు లెక్క ఉంది. తెలియని కూడలి, అడగడానికి మనిషి లేడు, నాలుగు చేతుల కంబం నేల మీద పడి ఉంది. దారి ఎలా తెలుసుకోవడం? బాటసారికి ఆ చోటు తెలియదు, ముందున్నదీ తెలియదు, కానీ తాను పొద్దున బయల్దేరిన ఊరి పేరు తెలుసు. ఆ పేరున్న చెయ్యి తాను వచ్చిన దారి వైపు ఉండేలా కంబాన్ని లేపి గుంతలో నిలబెడితే, మిగిలిన మూడు చేతులూ వాటంతటవే సరైన దారుల వైపు తిరుగుతాయి. వెనక ఊరి పేరు ఆ కంబం మీద రాసి ఉంది గనకే ఇది సాధ్యం. హైవే పక్కన పడిపోయిన ఆకుపచ్చ బోర్డును ఇలా ఏ బాటసారీ లేపి నిలబెట్టలేడు. అతను ఎక్కడి నుంచి వచ్చాడో ఆ బోర్డు మీద ఎక్కడా లేదు.